రాజుగారి విజయయాత్ర

ఈజిప్టు రాజుగారి శవం మమ్మీ కావడానికి ఇంకా ఉప్పులో ఆరుతోంది. ఆయన సమాధిలో శిల్పి నెబ్రే ఉలి పట్టుకుని మేస్త్రీ ఖావీని అడిగాడు.

"ఇంతకీ రాజుగారు గెలిచిన యుద్ధమేదండీ?"

"ఏదో ఒకటి గెలిపించరా! గోడ బోసిగా ఉంటే దేవతల ముందు పరువేం కాను?"

"పట్టమెక్కింది మొదలు మంచం దిగలేదు కదా, పాపం."

"అందుకే రథమెక్కించు. నూబియా వాళ్ళని జుట్టు పట్టి ఈడుస్తున్నట్టు చెక్కు."

నెబ్రే ఉలి దించేశాడు. "మా అమ్మది నూబియా. కొరడా దెబ్బలైనా తింటాను గానీ ఆ పని చెయ్యను."

"సరే, సిరియా వాళ్ళని చెక్కు."

"మీ ఆవిడది సిరియా కదండీ?"

"అమ్మో! ఇంట్లో రొట్టె పుట్టదు."

"పోనీ, సింహాన్ని?"

"కొత్త రాజుగారి బిరుదే సింహం! బాతుల్ని చెక్కరా, వాటికి అడిగే దిక్కు లేదు."

అలా రాజుగారు వీరావేశంతో బాతుల్ని జయించారు. నెబ్రే మాత్రం జాలిపడి ఒకదాన్ని ఎగిరిపోనిచ్చాడు.