రొట్టెలో సగమిచ్చిన అంజినప్ప

ఏదీ, ఆ పుస్తకం ఇట్లియ్యమ్మా చైత్రా. నా కండ్లద్దాలు టీవీ పక్కన ఉండాయి చూడు, అవి గూడా. ఊఁ. ఈ అట్ట నాకు గుర్తుండాది. ఆపిల్ బుట్ట ఎత్తుకోని నవ్వతా ఉండే ఈ పిల్ల, ఇది రష్యా మేగజైను కాగితం. అప్పుడు మన కబ్బన్‌పేటలో ఏ ఇంట్లో చూసినా పుస్తకాలకి ఈ కాగితమే అట్ట. నున్నగా, మందంగా ఉంటాది, నీళ్ళు పడినా తొందరగా చిరగదు. అట్టల కోసమే చందా కట్టినోళ్ళు ఉండారు, చదివింది ఎవరు. ఏమంటివి, లోపల పెన్సిల్‌తో రాసిండేదా? చూసినాలేమ్మా. కన్నడలో ‘జర్మనీ’ అని రాసినాడు. మనకంతే గదా, నోట్లో తెలుగు, చేతిలో కన్నడ. దాని కింద అచ్చులో ఏముండాది? సైబీరియా. అవును. సైబీరియా ఉన్న చోటల్లా జర్మనీ, మాస్కో ఉన్న చోటల్లా బర్లిన్. మీ తాత గోపాలప్పకి ఇంగ్లీషు సరిగ్గా రాదేమో అనుకుంటివా? మా వీధిలో మగ్గమోళ్ళలో హైస్కూలు ముగించింది ఆయప్ప ఒక్కడే. తెలీక రాయలేదు తల్లీ. కూకో. ఆ కుర్చీ ఊగుతాది, ఈడ మంచం మీద కూకో.

నీకు మగ్గం సంగతి ఏం తెలుసు, కంప్యూటరు పిల్లవి. మా చేనేత సంఘం షెడ్డులో ఆరు గుంత మగ్గాలు ఉండె. ఆరూ ఆడతా ఉంటే పక్కనోడి మాట వినపడదు. కానీ అమావాస్యకి మేము నేయం. తాతల కాలం నుంచి అంతే. నేయకపోయినా పని ఉంటాది గదా, ఆ దినం కొత్త పడుగు అతికేది. పాత పడుగు ముగిసిపోతాది చూడు, దాని కొసలకి కొత్త పోగుల్ని ఒక్కొక్కటే పెట్టి, వేలికి బూడిద అద్దుకోని మెలి తిప్పాల. మూడు వేలో నాలుగు వేలో పోగులు. తల ఎత్తేది లేదు. చేతులకి పని, చెవులు ఖాళీ. అందుకని మీ తాత, మా గోపాలన్న, గడప మీద కూకోని పుస్తకం చదివేవాడు. ఇంగ్లీషులో చూసి, తెలుగులో చెప్పేవాడు. అన్నీ రష్యా పుస్తకాలే. ఆ దేశమంటే ఆయప్పకి ప్రాణం. ‘ఆడ నేసేవాడే యజమాని అప్పా, అంజినీ. ఆడ ఆకలి అనే మాటే లేదు’ అంటాడు. మేమంతా నమ్మినాము. నమ్మడమేంది, మా షెడ్డులో దేవుడి పటాల పక్కన ఆ దేశం జెండా బొమ్మ ఉండె, దానికి గూడా ఊదుబత్తి పెడతా ఉంటిమి. నవ్వొద్దు. నిజంగా పెడతా ఉంటిమి.

ఆ సమయంలో వచ్చింది ఈ పుస్తకం. అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల కుప్పలో దొరికిందంట. పై అట్ట చిరిగిపోయి ఉండాది, లోపలంతా రష్యా పేర్లు. ఇదీ మన పుస్తకమే అనుకోని తెచ్చుకున్నాడు. తెచ్చి, ఈ ఆపిల్ పిల్ల కాగితం చుట్టినాడు. ఆ మీదట వచ్చిన అమావాస్యకి మొదలుపెట్టినాడు. ‘ఇది జర్మనీ కథ అప్పా’ అన్నాడు. ఒక ఐవారు, అంటే ఇస్కూలు మాస్టరు, పెండ్లి భోజనం దగ్గర సర్కారు మీద ఒక్క మాట అంటాడు. హాస్యానికే. దానికి పదేండ్లు అడివిలో ఖైదీల క్యాంపు. మంచు. మొలలోతు మంచులో మాన్లు కొట్టాల. దినానికి ఇన్ని మాన్లు అని లెక్క. అంత కొడితే నిండు రొట్టె, తక్కువైతే సగం రొట్టె. సగం తిన్నోడు రేపు ఇంకా తక్కువ కొడతాడు, ఎల్లుండికి ఆ సగంలో సగం. అట్ల తగ్గించి తగ్గించి మనిషిని చంపేది. కత్తి లేదు, తుపాకి లేదు, రొట్టెతోనే. ఆ మాట వినంగానే షెడ్డులో ఆరు జతల చేతులు ఆగిపోయినాయి. నాకు గుర్తుండాది, అతుకుతా ఉండే పోగు నా వేళ్ళ మధ్యనే ఉండిపోయింది. మాది గూడా నేసినంతకే కూలి గదమ్మా. జ్వరమొచ్చిన వారం ఆ సగం కడుపు మేమూ చూసినోళ్ళమే. కానీ ఇట్లనా? మనుషులు మనుషుల్ని ఇట్ల చేస్తారా?

ఆ రష్యా పేర్లు, సరే, జర్మనీ పేర్లనే అనుకుంటిమి, ఏదైతేనేం, మాకు నోరు తిరగదు. ఎవరు ఎవరో తెలిసేది కాదు. అందుకని గోపాలన్న మా పేర్లే పెట్టేసినాడు. ఐవారికి బసప్ప అని పెట్టినాడు. ఆ బసప్పకి క్యాంపులో ఒక స్నేహితుడు ఉంటాడు, పక్క చెక్క బల్ల మీద పండుకునేవాడు. బసప్పకి రొట్టె తగ్గినప్పుడల్లా తన దాంట్లో సగం తుంచి అంగీ చేతిలోంచి జార్చి ఇస్తాడు. వాడికి పెట్టినాడు అంజినప్ప అని. నా పేరు. ఇంకేమి, షెడ్డంతా నన్ను ఏడిపించేది. ఇడ్లీ తింటా ఉంటే వచ్చి చెయ్యి చాపేది, ‘ఏమప్పా అంజినప్పా, నీ దాంట్లో సగం ఇయ్యవా’ అని. నేనూ ఇచ్చేవాణ్ణి. నిజం చెప్తే నాకు గర్వంగా ఉండె. ఎక్కడో మంచులో నా పేరున ఒక మంచోడు ఉండాడు అని. ఆరు అమావాస్యలు చదివినాడు. ఒక్కో నెలకి కావాల్సినంత ముందే చదువుకోని, పేర్లన్నీ పెన్సిల్‌తో పైన రాసుకోని వచ్చేవాడు. సాయంత్రం ఇంటికి పోతా అందరమూ ఆ జర్మనీవాళ్ళని తిట్టేది. గోపాలన్న మాత్రం తిట్టడు. తల వంచుకోని పోతాడు. నేను గమనించలేదు అప్పుడు.

ఇంతలో రష్యా ప్రయాణం వచ్చింది. ఏదో స్నేహ సంఘం, చేనేతోళ్ళని పిలిచి అక్కడి మిల్లులు చూపిస్తారంట. మా సంఘం నుంచి ఒకరు. ఇంకెవరు, గోపాలన్నే. ముప్పై ఏండ్లుగా ఆ దేశం పేరు జపించినోడు. మీ అవ్వ సావిత్రమ్మ శివాజీనగరలో పాత మిలిటరీ కోటు ఒకటి తెచ్చింది. లోపల గరుకుగా ఉండాదని, తన పెండ్లినాటి పట్టుచీర, గోపాలన్న నేసిందే, దాన్ని కోసి లోపల కుట్టింది. వీధంతా వచ్చి చూసినారు. నేనూ చూసినాను. చెయ్యి పెట్టి చూసినాను.

ఏడో అమావాస్య ముందు దినం. గోపాలన్న మధ్యాన్నం అన్నానికి పోయినాడు, పుస్తకం గడప మీద ఉండాది. నాకు ఆత్రం, బసప్ప ఏమవుతాడో, నేనేమవుతానో అని. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేంత వచ్చు నాకు. తెరిస్తిని. బర్లిన్ అని పెన్సిల్‌తో ఉండాది. దాని కింద అచ్చులో ఆరు అక్షరాలు. ఆ ఆరు అక్షరాలు నాకు బాగా తెలుసమ్మా, మా షెడ్డులో ఉండే ప్రతి పుస్తకం మొదటి పేజీలో అవే ఉండాయి. మాస్కో. ఇంకో పేజీ తిప్పితిని. మళ్ళీ మాస్కో. గుంతలో కాళ్ళు పెట్టుకోని అట్లే కూకుంటిని. ఆ మంచు, ఆ రొట్టె, ఆ చచ్చిపోయినోళ్ళు, అంతా మేము ఊదుబత్తి పెట్టిన దేశంలోనా. యాభై ఏండ్లాయె, ఆ పేజీ తిప్పిన అదురు నాకు తగ్గలేదు.

ఆ తర్వాత చేసింది నేనే. నీకు చెప్పాల. ఇన్నేండ్లు మీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గోపాలన్న వచ్చేదాకా కూకోని, ‘ఏమన్నా ఇది’ అని అడిగుంటే సరిపోయేది. అడగలేదు. నేరుగా సంఘం అధ్యక్షుడి ఇంటికి పోయినాను. ‘గోపాలన్న రష్యా మీద చెడ్డ పుస్తకం చదివి వినిపిస్తా ఉండాడు, పేర్లు మార్చి మోసం చేస్తా ఉండాడు’ అంటిని. ఆయన ‘రాసియ్యి’ అన్నాడు. రాసిచ్చి కింద సంతకం పెడితిని. మోసం చేసినాడనే కోపం ఉండె, అది నిజం. ఇంకోటి గూడా నిజం. ప్రయాణానికి ఆయప్ప కాకపోతే తర్వాత నా పేరే ఉండె. ఆ సంగతి సంతకం పెట్టేటప్పుడు నాకు గుర్తు లేదని ఇన్నేండ్లు నాకు నేనే చెప్పుకుంటిని. గుర్తుండె తల్లీ. బాగా గుర్తుండె.

మీటింగు పెట్టినారు. గోపాలన్నని నిలబెట్టి అడిగినారు, నిజమేనా అని. ‘నిజమే’ అన్నాడు. ‘ముప్పై ఏండ్లు ఆ దేశం స్వర్గమని చెప్పినోణ్ణి, ఇప్పుడు ఏ నోటితో చెప్పేది? చెప్పలేకపోయినాను. చదవకుండా మూసి పెట్టడానికీ చేత కాలేదు. చచ్చిపోయినోళ్ళు ఉండారప్పా దాంట్లో. ఎవరన్నా వినాల గదా అనిపించింది. అందుకని దేశం పేరు మార్చినాను’ అన్నాడు. వెనక నుంచి ముసలి నాగేంద్రప్ప, కండ్లు సరిగ్గా కనపడవు పాపం, లేచి, ‘సరే అప్పా గోపాలా, ఏ దేశమైనా కానీ, మన అంజినప్ప చివరికి ఏమయినాడు’ అని అడిగినాడు. ఆయన అడిగింది పుస్తకంలో అంజినప్పని. గోపాలన్న నా వైపు చూసినాడు. చూసి, ‘నేనింకా అంతదాకా చదవలేదు’ అన్నాడు. నా సంతకం అధ్యక్షుడు ఆయప్పకి చూపించినాడో లేదో నాకు ఈ దినానికీ తెలీదు.

సంఘంలోంచి తీసేసినారు. ప్రయాణం నాకొచ్చింది. బయల్దేరే ముందు దినం పొద్దున్నే మా ఇంటి ముందర గోపాలన్న నిలబడుండాడు, చేతిలో కోటు. ‘ఆడ చలి ఎంత ఉంటాదో వింటివి గదా అంజినీ. తీసుకుపో’ అన్నాడు. తీసుకుంటిని. ఏం మనిషినమ్మా నేను. పన్నెండు దినాలు తిరిగినాము. ఒక బట్టల మిల్లులో ముసిలోడు పోగు ముడి వేస్తా ఉండాడు, ఎడమ చేతికి మూడే వేళ్ళు. మా పుస్తకంలో మంచుకి వేళ్ళు రాలిపోతాయి గదా, అదే గుర్తొచ్చింది. తర్జుమా చేసే ఆయమ్మని అడుగుదామని నోరు తెరిచి, మిల్లు బాగుండాదని అంటిని. ఊరికొచ్చి అందరికీ అదే చెప్తిని. అంతా బాగుండాది, అందరూ నవ్వతా ఉండారు, ఆపిల్ పండ్లు పెట్టినారు అని. నేను వచ్చేలోపల మీ తాత ఇల్లు ఎత్తేసి దొడ్డబళ్ళాపురం పోయినాడు, పవర్‌లూము పనికి. ఆ మిషన్ల మోతలో ఎవరికి ఏం చదివి వినిపించేది? అమావాస్య గూడా లేదంట ఆడ, మిషన్లు నిలపరు. ఒక్కసారి గూడా పోయి చూడలేదు నేను. చనిపోయినప్పుడు పోయినాను, నువ్వు ఇంకా పుట్టలేదు.

సరే, నువ్వు మొత్తం చదివినావా? కడాకి, చివరి భాగంలో ఏముండాది? కొంచెం తాళు, గట్టిగా చెప్పు, మెట్రో పోతా ఉండాది. ఏమి? క్యాంపు ఆఫీసరు పిలిపిస్తాడా. బసప్ప మీద కాగితం రాసిస్తే వంటింట్లో పని ఇస్తామంటాడా. ఎవరిని పిలిచి చెప్పినాడు? రొట్టె ఇచ్చినోణ్ణా? సంతకం పెట్టినాడా వాడు? నువ్వు సరిగ్గా చూసినావా చైత్రా? రొట్టె ఇచ్చినోడేనా?

దేవుడా. యాభై ఏండ్లు వాడు మంచోడనుకుంటిని.

ఆ పేజీలో పెన్సిల్‌తో ఏం పేరుండాదో చదువు. పర్వాలేదు తల్లీ, నా పేరే ఉండాల, చదువు. ఏమి? మళ్ళీ చూడు. ఇట్లియ్యి. కిటికీ దగ్గర పెట్టు. ఇక్కడ రబ్బరుతో రుద్దినాడు, కాగితం పలచబడిపోయి అవతలి అక్షరాలు కనిపిస్తా ఉండాయి. కింద ‘అం’ గీటు ఇంకా ఉండాది. మొదట నా పేరే రాసినాడు. రాసి, చెరిపినాడు. చెరిపి, గోపాలప్ప అని రాసినాడు. తర్వాతి పేజీలో? అక్కడా గోపాలప్పేనా? సంతకం పెట్టిన చోట గూడానా? సైబీరియా పైన? జర్మనీ అని రాయలేదా, అట్లే వదిలేసినాడా.

నా సంతకం సంగతి ఆయప్పకి తెలుసన్న మాట. తెలిసే...

అమ్మా, ఆ బీరువా మీద రేకు పెట్టె ఉండాది, దించు. నాకు అందదు. జాగ్రత్త, దుమ్ముంటాది. అడుగున కోటు ఉండాది చూడు. లోపల పట్టు ఇంకా చెడలేదు. మీ తాతది, తీసుకుపో. మళ్ళీ ఇయ్యలేదు నేను. మోడం పట్టింది, వానొచ్చేటట్లుండాది, నువ్వింక బయల్దేరు.