పెట్టె దించిందెవరు?

నేనా? నాకేం తెలుసమ్మా! మళ్ళీ ఎవరు జరిపారని నన్నడిగితే ఎలా? పొద్దున్నుంచీ ఆకురాయి పట్టుకుని తాళంచెవులు అరగదీస్తూ కూర్చున్నదాన్ని. నీ తెర మీద పెట్టెలు జరపడానికి నాకెక్కడి తీరిక?

ముందు కూర్చో. ఆ స్టూలు కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు రా. చెయ్యి జాగ్రత్త, ఇనప రజను గుచ్చుకుంటుంది.

అసలు తప్పు నీదే, ఏమనుకోకు. వెబ్‌సైట్ చేసిపెట్టమంటే చేసిపెట్టాలి గానీ ఆ వైర్‌ఫ్రేమేంటి? అందులో వైరూ లేదు, ఫ్రేమూ లేదు. బూడిదరంగు పెట్టెలు నాలుగు! ఇల్లు కట్టేముందు ప్లాను గీసుకున్నట్టు అన్నావు. సరే. లింకు పంపాను, ఏ పెట్టె ఎక్కడుండాలో మీరే లాగి పెట్టుకోండి అన్నావు. అదీ సరే. మరి అదే లింకు గోడ అవతల మా తమ్ముడికీ ఎందుకిచ్చావు?

ఆఁ, షాపు ఇద్దరిదీను. తెలుసులే. తాళాలు బాగుచేసేది వాడు, వాటికి చెవులు చేసేది నేను. బయట బోర్డు ఒకటే, తలుపులు రెండు. మధ్యలో ఈ ప్లైవుడ్ గోడ లేచి ఆరేళ్ళు. ఎందుకంటే ఏం చెప్పను! ఒకాయన తలుపుకి వాడు తాళం తలకిందులుగా బిగించాడు. నేను నవ్వాను. ఆయన ముందే నవ్వాను. అంతే! మాటా మాటా పెరిగింది, మర్నాటికల్లా వడ్రంగి దిగాడు. ఆ రోజునుంచీ మా మధ్య మాటల్లేవు. ఏదన్నా చెప్పాల్సొస్తే మా మరదలే అటూ ఇటూ మోసేది, పాపం.

అలాంటి ఇద్దరికీ ఒకే పేజీ ఇస్తే ఏమవుతుందో నువ్వే చెప్పు. మొదటిరోజు 'తాళంచెవులు' అన్న పెట్టె పైన పెట్టాను. తెల్లారి చూస్తే కిందుంది! పైనేమో 'తాళాల రిపేరు'. దీనికేదో దెయ్యం పట్టిందనుకున్నా. తర్వాత నువ్వే చూపించావుగా, వాడు పేజీలోకొస్తే కదిలే ఆ ఎర్ర బాణం, దాని పక్కన పేరు. లోపలికెళ్ళేటప్పుడు పేరడుగుతుంది కదా, వాడేం రాశాడో గుర్తుందా? బుజ్జి! యాభై రెండేళ్ళ మనిషి, బట్టతల! వాణ్ణి అలా పిలిచేది నేనొక్కదాన్నే, తెలుసా? అది చూసిన పూట ఒక తాళంచెవి పళ్ళు తప్పు కోశాను.

ఇక మొదలైంది. నేను పైకి లాగడం, వాడు కిందికి లాగడం. పదిహేను రోజులు! ఓ రోజు నా పెట్టె మీద చీటీ అంటించాడు, 'అక్షరాలు చిన్నవి, ముసలాళ్ళకి కనబడవు' అని. ఆరేళ్ళ తర్వాత వాడి మొదటి మాట అదీ! ఊరుకుంటానా? 'కనబడకపోతే కళ్ళజోడు మార్చుకో' అని కింద రాశా. 'మార్చి రెండేళ్ళయింది, నువ్వు చూళ్ళేదు' అన్నాడు.

చూళ్ళేదమ్మా. నిజమే. పక్కగదిలో ఉన్న తమ్ముడి కళ్ళజోడు మారితే నాకు తెలీదు. ఆ రోజు తిండి సయించలేదు.

మర్నాడు నేనే రాశా, 'కొత్త జోడు నప్పిందా?' అని. గోడ అవతల నవ్వు వినిపించింది. వాడి నవ్వు పిల్లి తుమ్మినట్టుంటుందిలే, ఎక్కడున్నా పోల్చుకుంటాను.

అవునవును, నిన్న పొద్దున వాడు ఒప్పుకున్నాడు. నా పెట్టె పైన పెట్టి 'అక్కే పైన. అయిపోయింది, ఇక సైటు కట్టేయొచ్చు' అని రాశాడు. నీకు పండగే! పేజీ మూసేసి అసలు సైటు మొదలుపెట్టుకోవచ్చు. సాయంత్రానికల్లా ఆ పెట్టె మళ్ళీ కిందికెలా వచ్చిందనేగా నీ బాధ?

అలా చూడకు... నేనే దించాను. నా పెట్టెని నేనే!

నీ పేజీ మూసేస్తే వాడింక ఎందుకొస్తాడు చెప్పు? నాలుగడుగులేగా, వెళ్ళి మాట్లాడొచ్చుగా అంటావు. తుప్పు పట్టిన తాళాన్ని ఒక్కసారే బలంగా తిప్పితే ఏమవుతుందో తెలుసా? చెవి విరిగి సగం లోపలే ఉండిపోతుంది. చుక్క నూనె వేసి ఆగాలి. ఇంకో చుక్క వేసి ఇంకాస్త ఆగాలి. ఇన్నేళ్ళ పనిలో నాకొచ్చిన విద్య ఇదొక్కటే.

ఒక్క రెండు వారాలు ఆగు తల్లీ. సైటు లేకుండా ఇన్నాళ్ళూ జనం తలుపులు తీసుకోలేదా?

ఇదిగో... ఇటు చూడు, చూడు! ఎర్ర బాణం! వచ్చాడు. నా పెట్టె పట్టుకున్నాడు... పైకి లాగుతున్నాడు. ఏదో రాస్తున్నాడు కూడా! నువ్వు చదువమ్మా, అక్షరాలు మరీ చిన్నవి.

ఏంటీ? ఇంకోసారి చదువు.

'దించింది నువ్వేనని తెలుసు. రేపు కూడా దించు' అనా?

విన్నావుగా! ఇక నన్నేం అడగకు. వాడు దించమన్నాడు, నేను దించుతాను. మా తమ్ముడి మాట నేనెప్పుడు కాదన్నానమ్మా?