సహపంక్తి

1983 క్రిస్మస్ మధ్యాహ్నం. విశాఖ శివార్లలో ఒక మిషన్ నడిపే కుష్ఠురోగుల ఆశ్రమంలో, రోగులూ సిబ్బందీ ఒకే వరసలో కూర్చుని తినే పండగ భోజనానికి విస్తళ్ళు వేశారు. వరండాలోనే ఆగిపోయిన నర్సు దగ్గరికి, ఆశ్రమంలో ఉండే ముసలామె వచ్చింది.

"ఏటి నర్సమ్మా, ఇక్కడుండిపోనావు? డాక్టరుబాబు కూడా మా వరసలోనే కూకున్నారు. నా పక్కన నీకు ఆకేయించినాను, రా."

"ఈరోజు నాకు ఉపవాసం మామ్మా. మీరంతా తినండి."

"నిరుడూ ఉపవాసమే అన్నావు."

"నిరుడు పండగ శనివారం పడింది కదా. వెంకటేశ్వరస్వామికి ఉన్నాను."

"అంతకు ముందేడు?"

"అది శుక్రవారం. సంతోషిమాత వ్రతం."

"మరి ఈయేల ఆదివారం కదమ్మా. ఈయేల ఏ దేముడికి?"

"అలా అడక్కు మామ్మా."

"రోజూ నా కాలి పుండు కడిగి కట్టు కట్టేది నువ్వే గదా."

"అది డ్యూటీ. తినడం వేరు."

"వంట నాను ముట్టనేదు. సర్చి నుంచొచ్చినోళ్ళే వండినారు. నాకు నెగిటివ్ వొచ్చిందని, ఇంక ఎవులికీ అంటదని, కాగితం సదివి సెప్పింది నువ్వే."

"అంటదని నాకు తెలుసు మామ్మా. కానీ ఇంట్లో చిన్నపిల్లలున్నారు."

"నాకూ ఉన్నారు మనవలు. ఆ కాగితం పట్టుకునే పద్మనాభంలో మా కొడుకింటికి ఎళ్ళినాను. అరుగు మీద నాకొక్కదానికే ఆకేసినారు. మీరు తినరేటర్రా అనడిగితే, ఇంటిల్లిపాదికీ ఉపవాసమన్నారు. పాలు తాగే సంటిదానికి కూడా."