ఇంకొంచెం పెంచు

అది కాదు బాబూ, డీజే చేసిన పాటలో సౌండు చూసే మీరు వేలు పెట్టకూడదు, అది మీ పద్ధతి. ఇందాకటి నుంచీ చెబుతూనే ఉన్నారు, నేనూ ఇందాకటి నుంచీ ఒప్పుకుంటూనే ఉన్నాను. మరి మీ చెవుల్లో ఆ పచ్చ స్పాంజి బిరడాలు ఎందుకు పెట్టుకున్నారో, అదొక్కటీ చెప్పండి.

చూశారా. నవ్వి ఊరుకుంటారు.

పాట ఆపకండి. ఆపితే అది ఇటే వచ్చేస్తుంది. అదిగో, ఖాళీ ఫ్లోరు మధ్యలో కళ్లు మూసుకుని నిలబడింది కదా, నా మనవరాలు. ఇంట్లో పిచ్చుక అంటాం. ఇన్నాళ్లూ వేరేవాళ్ల పాటలు మోగించి మోగించి, ఇప్పటికి తనది అంటూ ఒక టెక్నో పాట చేసుకుంది. పొద్దున్నే విడుదలైంది. సాయంత్రం ఈ క్లబ్బులో, ఇంతింత స్పీకర్ల మీద, మొదటిసారి జనం ముందు మోగుతుంది. అది ఇటు వచ్చేలోపు మీకో చిన్న పాఠం చెప్పాలి. కూర్చోండి. కూర్చునే ఉన్నారా, సరే.

పాటను ఒక మేడ అనుకోండి. కింది అంతస్తులో దబ్, దబ్, దబ్ అని డ్రమ్ము. అది నేలలోంచి వచ్చి మోకాళ్లకు తగులుతుంది, దానికి చెవులతో పనిలేదు. నడి అంతస్తులో ఆ గుండ్రంగా తిరిగే రాగం. డాబా మీద చిక్, చిక్, చిక్ అని రేకుల చప్పుడు. తప్పు చెబితే దిద్దండి, నేర్చుకుంటాను. ఇప్పుడు మీరు చెప్పండి, ఆ డాబా మీది చప్పుడు ఎలా ఉంది?

మొహమాటం వద్దు. బతుకంతా మూడో తరగతికి చెప్పినదాన్ని, ఎలాంటి జవాబైనా తట్టుకోగలను.

సూదులతో గుచ్చినట్టుందా. ఊఁ. గ్లాసులు తుడిచే అమ్మాయి చెవులు మూసుకుని లోపలికి పోయినప్పుడే అనుకున్నాను. నేల తుడిచే ఆయన బకెట్టు అక్కడే వదిలేసి గుమ్మం బయట నిలబడ్డాడు. ఇంత హాల్లో హాయిగా ఉన్నది మేమిద్దరమే. అదీ, నేనూ.

కొత్త పంథా అంటారా? పాట విడుదల చేసిన కంపెనీవాళ్లూ అదే అన్నారు. ఇంత పదునుగా ఎవరూ చేయలేదు, ఏం ధైర్యం అని మెచ్చుకున్నారు. ఫోన్ పెట్టేసి నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది పిచ్చుక. ధైర్యం కాదు బాబూ. దానికి ఆ చప్పుడు వినపడదు.

నెమ్మదిగా. అటు చూడకండి.

డాక్టరు దగ్గరికి తోడు వెళ్లింది నేనే. మాటలు వినపడతాయి, డ్రమ్ము వినపడుతుంది, ఆ పై చప్పుళ్లే పోయాయి, పోయినవి ఇక రావు అన్నాడాయన. ఈ హోరులో పని తగ్గించుకోమన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడి, ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. నిజమే కదా. చెవులు సగం పోయిన పిల్లకు ఇంకో పాట చేసిపెట్టమని ఎవరడుగుతారు? ఇదిగో, ఆ ఒట్టు తీసి మీ ముందు గట్టున పెడుతున్నాను.

ఏంటి, దానికే చెబుతారా? చెప్పండి. ఇంకాసేపట్లో తలుపులు తీస్తారనగా వెళ్లి, నీ పాట చెవులకు చిల్లులు పెడుతోందమ్మా అని చెప్పండి. ఆ తర్వాత పాటలు వేసే బల్ల ముందు నిలబడితే దానికి చేతులు ఆడతాయా? పోనీ, చెప్పకుండా ఊరుకోండి. జనం ఒక్కొక్కరే జారుకుంటారు. ఏమైందో అర్థంకాక, ఖాళీ ఫ్లోరుకు పాట వేస్తూ ఒక్కతే నిలబడుతుంది. ఆ రెంటిలో ఏదీ నేను చూడలేను.

అందుకే అడుగుతున్నాను. దాని పాట ముట్టుకోకండి. మీ స్పీకర్లకు ఆ పై చప్పుడు తగ్గించే మర ఏదో ఉంటుంది కదా, దాన్ని కాస్త తిప్పండి. తనకు తెలిసిపోతుందని మీ భయం. తెలియదు బాబూ, అదే కదా మన ఏడుపు.

బళ్లో వినపడని పిల్లల్ని ఎలా కనిపెట్టేదాన్నో తెలుసా? వాళ్లు ఎదురు ప్రశ్న వేయరు. అర్థమైందా అని అడిగితే, అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా తల ఊపేది వాళ్లే.

మరి వినపడని చప్పుడు ఏ లెక్కన పెట్టిందంటారా. మంచి ప్రశ్న. అడగరేమో అనుకున్నాను.

హెడ్‌ఫోన్స్ తీసి నా తలకు తగిలించేది. "అమ్మమ్మా, నీవి పాము చెవులు కదా, ఆ చిక్ చిక్ సరిపోయిందా?" అనేది. నేను పెద్ద తెలిసినదానిలా మొహం పెట్టి, "ఇంకొంచెం పెంచవే" అనేదాన్ని. పెంచేది. "ఇప్పుడో?" "ఇంకొంచెం."

ఏం వినపడి అన్నాననుకుంటున్నారు? నాకూ దబ్ దబ్ తప్ప ఇంకేం లేదు. మా ఇంట్లో కెటిల్ ఈల వేయడం మానేసి చాలాకాలమైంది. కెటిలే పాడైపోయిందనుకున్నాను.

అప్పుడే చెప్పాల్సింది. ఎలా చెప్పనూ? ఈ వయసులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నీ చెవులు నాకు కావాలి అంది ఆ పిల్ల. అవీ లేవే అనడానికి నోరు రాలేదు.

ఇక తిప్పండి బాబూ, అది కదులుతోంది.

ఏంటి, తిప్పేశారా? ఎప్పుడు?

డాక్టరు మాట ఎత్తగానేనా.

అవునవును, గ్లాసుల అమ్మాయి మళ్లీ వచ్చేసింది. మీ చెవుల్లోనూ బిరడాలు లేవు. అది మాత్రం ఇప్పటిదాకా కళ్లయినా తెరవలేదు.

ఉష్, వస్తోంది. అక్కడి నుంచే సైగ చేస్తోంది చూడండి, ఎలా ఉందమ్మమ్మా అని. మిమ్మల్ని కాదు, నన్నే అడుగుతోంది.

ఏం చేయమంటారు? గట్టిగా తల ఊపుతున్నాను.