ఇరవై ఏడో మీటరు గురించి ఒక సవరణ

అధ్యక్షస్థానంలో ఉన్న చీఫ్ ఇంజనీరుగారికి, వేదిక మీది పెద్దలకు, మ్యాన్‌హోల్ పక్కన నిలబడి కెమెరా కేబుల్ వదిలే డ్రైనేజీ విభాగం మిత్రులకు, ఇవాళ మనం వీడ్కోలు చెబుతున్న ఇన్‌స్పెక్టరుగారికి, మొదటి వరసలో కూర్చున్న ఆయన శ్రీమతిగారికి నమస్కారం.

ఆహ్వానంలో నా పేరు లేదు. అధ్యక్షులవారిని బతిమాలి ఐదు నిమిషాలు తీసుకున్నాను. "ఈ పత్రికాయనకి ఇక్కడేం పని?" అని వెనక ఎవరో అనడం వినబడింది. న్యాయమైన ప్రశ్నే. (నవ్వులు)

ఫ్యాక్టరీల కింద, గోదాముల కింద, హోటళ్ల వంటగదుల కింద పోయే మురుగు గొట్టాలను ముప్పై రెండేళ్లు తనిఖీ చేసిన ఈ మనిషి, సీనియర్ ఇన్‌స్పెక్టరు కాకుండానే ఈరోజు రిటైరవుతున్నారు. ఎందుకంటే అద్దకం ఫ్యాక్టరీ వ్యవహారంలో తప్పు చేసి పట్టుబడ్డారని అందరూ చెబుతారు. అందులో సగమే నిజం. మిగతా సగం పదకొండేళ్లుగా నా దగ్గరుంది.

కోల్డ్ స్టోరేజీకీ, దాని వెనకున్న అద్దకం ఫ్యాక్టరీకీ మురుగు లైను ఒకటే. అది ఎక్కడో పగిలి నేల కుంగుతోంది. ఈయన కెమెరా దింపితే ఇరవై ఏడో మీటరు దగ్గర పగులు కనబడింది. ఇరవై ఐదు దాటితే అద్దకంవాళ్ల స్థలం. తవ్వకానికి అనుమతి వచ్చేదాకా ఆ ఫ్యాక్టరీ గేటు మూయించారు. నలభై మంది ఆడవాళ్లు పని లేక ఇంటికెళ్లారు. "నేల కుంగదీసిన ఫ్యాక్టరీకి తాళం" అని మొదటి పేజీలో రాసింది నేను. అక్కడికి వెళ్లకుండానే రాశాను.

తొమ్మిదో రోజు ఆ వీడియో మళ్లీ చూస్తుంటే, కెమెరా ఇంకా గొట్టం నోట్లోకి పోకముందే, మ్యాన్‌హోల్ ఇటుకలు కనబడుతుండగానే, తెర మీద కొలత నాలుగు మీటర్లు చూపిస్తోంది. అంతకుముందు చూసిన లైను లెక్క చెరిపి సున్నా పెట్టడం ఈయన మరిచిపోయారు. అంటే పగులు ఇరవై మూడు దగ్గర, కోల్డ్ స్టోరేజీ కింద. ఈయన నోరు మూసుకుంటే ఆ వీడియో మళ్లీ చూసే నాథుడు లేడు.

అప్పటి పై అధికారి, ఆయన ఇక్కడ లేరు లెండి (నవ్వులు), "రెండో తనిఖీలో తేలిందని రాసెయ్యవయ్యా, నీ ప్రమోషన్ ఫైలు నా బల్ల మీదే ఉంది, చేజేతులా చెడగొట్టుకోకు" అన్నారట. ఈయన "సున్నా పెట్టనిది నేను" అని రాసి, సంతకం చేసి, నేరుగా ఫ్యాక్టరీ గేటుకు వెళ్లారు. అప్పటి సూపర్‌వైజరు అక్క ఇక్కడే ఉన్నారు. ఏమన్నారో మీరే చెప్పండక్కా.

(సభలోంచి: "ఏమంటాను, తిట్టాను! 'ఇప్పుడొచ్చి తప్పయిందంటే మా తొమ్మిది రోజులు ఎవరిస్తారయ్యా?' అన్నాను. తాళం తీసేదాకా ఎండలో అక్కడే నిలబడ్డాడు, మహానుభావుడు!")

ఆ సాయంత్రం నా ఆఫీసుకొచ్చారు. "తాళం వేసిన సంగతి రాశారుగా, తీసిన సంగతీ రాయండి. వాళ్ల తప్పేం లేదని రాయండి." మీ ఉద్యోగానికి దెబ్బ కదా అన్నాను. "వాళ్లకి తగిలింది చాలు కదండీ" అన్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశాను: ఫ్యాక్టరీ తప్పు లేదు, పొరపాటు ఇన్‌స్పెక్టరుది. ఆయనే కనిపెట్టారని, తనే వచ్చి చెప్పారని రాయలేదు. రాస్తే, మరి నువ్వెందుకు వెళ్లి చూడలేదని నన్నడుగుతారు. ప్రమోషన్ ఫైలుకు ఆ కటింగే జతచేశారని తర్వాత తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను.

(ఇన్‌స్పెక్టరుగారు లేచి నిలబడ్డారు)

"ఇప్పుడెందుకండీ అవన్నీ" అంటున్నారు ఈయన. మీరు కూర్చోండి సార్. ఇన్నేళ్లూ వంగి చూసింది చాలు. (నవ్వులు) అమ్మా, మీ ఆయన పట్టుబడలేదని మీకు తెలుసు. ఊరికి తెలియకుండా చేసినవాణ్ని నేను. మీ ఇద్దరినీ క్షమాపణ అడుగుతున్నాను.

అధ్యక్షా, ఆ నాలుగు లైన్లలో వదిలేసిందంతా రాసి, సంతకం చేసి తెచ్చాను. ఇదిగో. దీన్ని ఆయన ఫైల్లో ఆ కటింగు పక్కన పెట్టించండి. ఆఫీసు మూసేది ఐదున్నరకు, ఇప్పుడు నాలుగు. ఈయన ఇంకా గంటన్నర ఉద్యోగంలోనే ఉన్నారు.

ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక నాకు సెలవు.