ఆల్ప్స్ కొండకి వెల్ల

"రెండు వేల పదిహేడు, మార్గళి నెల. చలంటే మన మూలకుళం చలి కాదు రఘునాథన్ సారూ, ఆల్ప్స్ కొండల చలి. మీ పాతింటి మిద్దె పని ఎవరికియ్యాలా అని తిరుగుతున్నారు గదా, ముందు ఇది వినండి" అంటూ సుబ్బరాయలు మేస్త్రీ టీ కొట్టు బల్ల మీద కాళ్ళు ముడుచుకున్నాడు. నాలుగు నెలలుగా అతనికి పని లేదు.

"ఆడ ఎనిమిది వందల ఏళ్ళ నాటి చిన్న ఊరుంది. చుట్టూ రాతి గోడ, లోపలికి ఒకటే వాకిలి, వాకిలి మీద గడియారం బురుజు. దానికి వేలెడు పగులు. వాళ్ళ మేస్త్రీలు సిమెంటు పూసి పూసి ఓడిపోయి నన్ను పిలిపించినారు. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళతో సున్నం కలిపి ఒక్క పూత పూసినా, పగులు మాయం."

"బెల్లం యాడ దొరికింది మామా?" అంది కనకం. ముప్పై ఏళ్ళు మేస్త్రీల కింద మిద్దెల మీద సున్నం కొట్టి, ఇప్పుడు సొంతంగా జట్టు పెట్టుకున్న మనిషి.

"మూట కట్టుకు పోయినాలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బురుజు పక్కకి వాలి ఉండింది. భుజం ఆనించి ఒక్క నెట్టు నెట్టినా. నిలువునా నిలబడింది, గడియారం గూడా సరైన టైము చూపించింది."

"ఈడ సిమెంటు మూట ఎత్తమంటే నడుం పట్టేస్తుందే!" అన్నాడు టీ కొట్టు ఎళిలరసన్.

"ఆడి గాలి వేరు తమ్ముడూ. మిగిలిన సున్నం పారబోయలేక వెనక కొండకి వెల్ల వేసినా. ఫొటోల్లో మంచు మంచు అంటారే, సగం నా సున్నమే."

"మిగతా సగం?" అన్నాడు ఎళిలరసన్.

"రెండో పూతకి విమానం టైమైపోయింది. అసలు సంగతి వినండి. ఆ ఊళ్ళో కప్పులన్నీ బోర్లించిన పడవల్లాగ ఏటవాలు. ఒక్క అప్పడం గూడా ఎండబెట్టుకోలేరు, పాపం. వెల్ల వేయకముందే మూడొందల ఇళ్ళ కప్పులు పీకి, తొమ్మిది రోజుల్లో మన మిద్దెలు వేసినా. ఎంత చదునంటే, గోలీ పెడితే ఈ పక్కకీ పోదు, ఆ పక్కకీ పోదు. సార్ మిద్దె గూడా అచ్చం అట్లానే వేస్తా!"

రఘునాథన్ గ్లాసు కింద పెట్టాడు.

"గోలీయే పోకపోతే, వాన నీళ్ళు యాడికి పోతాయి మామా?" అంది కనకం.

"ఆ ఊళ్ళో వానలు పడవు" అన్నాడు మేస్త్రీ.

"మన ఊళ్ళో పడతాయి" అంటూ రఘునాథన్ లేచి, కనకాన్ని ఇల్లు చూడడానికి రమ్మన్నాడు.

ఆ తర్వాత ఏడాది పాటు సుబ్బరాయలుకి ఒక్క మిద్దె పనీ దొరకలేదు.