పచ్చ చుక్క

జగ్గయ్యపేటలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. లారీలు ఎక్కడున్నాయో చూపే ప్రోగ్రాం రాసినతని పక్కన నిలబడి, డ్రైవర్ నిసార్ భార్య కంప్యూటర్ తెర వంక చూస్తోంది.

"కీసర దగ్గరే ఉన్నాడుగా తమ్ముడూ. చుక్క పచ్చగానే ఉంది."

"అది నిన్నటిది వదినా. వరద నీళ్లు రోడ్డెక్కకముందు వచ్చిన కబురు."

"కనెక్షన్ పోతే ఎర్రగా అవుద్దన్నావుగా?"

"లారీలో ఉన్న జీపీఎస్ పెట్టె ఆగిపోతున్నానని చెప్పి ఆగితే అవుద్ది. చెప్పకుండా తెగిపోతే నా ప్రోగ్రాంకి తెలీదు. లైను ఉందనుకుని ఎదురుచూస్తానే ఉంటది."

"ఎంతసేపు చూస్తది?"

"ఎంతసేపైనా. మధ్యమధ్యలో ఉన్నావా అని అడిగేలా రాయాల్సింది. రాయలేదు. తప్పు నాదే."

"ఆయన ఫోనేమో స్విచాఫ్ వస్తోంది. నిన్నట్నుంచీ ఈ చుక్కనే చూస్తున్నా."

"ఇప్పుడు రాసేసా వదినా. ఈ బటన్ నొక్కితే చాలు, లారీని అడుగుద్ది."

"జవాబు రాకపోతే?"

"లైను తెంపేస్తది. చుక్క ఎర్రగా మారుద్ది."

"అయితే ఇప్పుడప్పుడే అడగనియ్యకు తమ్ముడూ."